ద్రాక్ష కన్ను విప్పేదాకా: కొరిటెపాడు పెరటి డైరీ

నవంబర్ 23

ఈ రోజు నుంచి తీగకు నీళ్లు ఆపేశాను.

మూడేళ్ల క్రితం కడియం నుంచి తెచ్చుకున్న మొక్క ఇది. సంచికి కట్టిన చీటీ మీద 'బెంగుళూరు బ్లూ' అని ఉంది. పెరట్లో నాలుగు సరుగుడు బాదులు పాతి, జీఐ వైరు లాగి, ఏడడుగుల ఎత్తున పందిరి వేశాం. రెండేళ్లకే పందిరంతా కమ్మేసింది. కింద మంచం వేసుకుంటే మే నెలలోనూ చల్లగా ఉంటుంది. కానీ ఒక్క గుత్తి లేదు. చూసినవాళ్లందరూ "గుంటూరు ఎండకి ద్రాక్ష ఎక్కడ కాస్తుందమ్మా" అని తేల్చేశారు. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆ మాట నాకు మింగుడు పడలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. అక్కడ మాత్రం మంచు పడుతుందా? ఎండని తిట్టుకుంటూ కూర్చున్నాం కానీ, అన్నాళ్లలో ఒక్కసారైనా తీగ మీద కత్తెర పెట్టలేదు. అసలు లోపం అదేనని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

పోయిన ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు చేశాను. కొమ్మలన్నీ ఒకటి, రెండు కళ్లకు, అంటే చిగురొచ్చే మొగ్గలకు, కొట్టేశాను. అప్పుడు వచ్చిన రెమ్మలే ఇప్పుడు ముదిరి గోధుమరంగుకు తిరిగాయి. రెండో కత్తిరింపు మామూలుగా అక్టోబర్‌లో చేస్తారు. మనకి అక్టోబర్, నవంబర్ అంటే వాయుగుండాల కాలం. లేత చిగురు మీద నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బూజు తెగులు ఖాయం. అందుకే తుఫాన్ల భయం తగ్గాక, డిసెంబర్ రెండో వారానికి పెట్టుకున్నాను.

కాలిఫోర్నియాలో, ఫ్రెస్నోలో ఉన్న చెల్లికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. వాళ్ల ఇంటి గోడ పక్కనున్న థాంప్సన్ సీడ్‌లెస్ తీగ చలి మొదలవగానే తనంతట తానే ఆకులు పండబెట్టి రాల్చేస్తుంది. మొదటి ఏడాది భయపడి "అక్కా, తీగ చచ్చిపోయింది" అని ఫోన్ చేసింది. ఈ రోజు సగం పసుపెక్కిన ఆకుల ఫొటో పంపి "నాది పడుకోబోతోంది" అని రాసింది. నాది దానంతట అది పడుకోదు. పడుకోబెట్టాలి.

డిసెంబర్ 1

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆకులు తీశాను. వారం రోజులు నీళ్లు లేక కొన్ని వాటంతటవే వడిలాయి, మిగతావాటికి కత్తెర పెట్టాను. ఆకుని గుంజితే తొడిమ మొదట్లో ఉన్న కన్ను రాలిపోవచ్చు. అందుకని అర అంగుళం తొడిమ మిగిల్చి తుంచాను. అది నాలుగు రోజుల్లో ఎండి దానంతట అదే ఊడుతుంది.

పక్కింటి మామ్మగారు గోడ అవతల నుంచి చూసి, "పచ్చటి తీగని ఇలా బోసి చేస్తున్నావేంటమ్మాయ్" అని బాధపడ్డారు.

"ఆకులుంటే దీనికి చలికాలం వచ్చినట్టే తెలియదు మామ్మగారూ. కొన్నాళ్లు పడుకోబెడుతున్నాను" అన్నాను.

మొక్క కన్ను నిద్రపోవడంలో మూడు రకాలున్నాయి. 1987లో అమెరికా ఉద్యాన శాస్త్రవేత్తలు విడదీసి పేర్లు పెట్టారు. మొదటిది, పైనున్న చిగురు పెత్తనం వల్ల కింది కన్ను అణిగి ఉండడం. రెండోది కన్ను లోపలే తాళం పడడం. నీళ్లున్నా, వెచ్చదనం ఉన్నా కన్ను కదలదు. మూడోది, లోపలి తాళం తెరుచుకుంది కానీ బయట ఇంకా చలి ఉంది కాబట్టి కాచుకుని కూర్చోవడం. ఫ్రెస్నో తీగ ఈ మూడూ వరసగా దాటుతుంది. రెండో తాళం తీసేది ఎండ అనుకుంటాం, నిజానికి చలే తీస్తుంది. సుమారు 7 డిగ్రీల కన్నా తక్కువలో కొన్ని వందల గంటలు గడిస్తే, నిద్రని పట్టి ఉంచే అబ్సిసిక్ ఆమ్లం కన్నులో తగ్గుతుంది. ఆ తర్వాతే వెచ్చదనానికి పని. ఈ విషయం క్లాసులో ఏటా చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, చలి వల్ల నిద్రలేవడం ఏమిటని పిల్లలు ఆశ్చర్యపోతారు.

గుంటూరులో 7 డిగ్రీల లోపు గంటలు ఎన్ని? సున్నా. మరి మన తీగకి ఈ మూడింట్లో ఏ తాళం పడుతుంది? నా ప్రాజెక్టంతా ఈ ప్రశ్న చుట్టూనే.

సాయంత్రం ఇంకో చిన్న పరీక్ష. ముదిరిన కొమ్మ నుంచి బ్లేడుతో రూపాయి బిళ్ల మందాన ఒక చక్రం కోసి, రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేశాను. నిమిషంలో చెక్కలో సన్నటి నల్లటి గీతలు తేలాయి. బండిచక్రం ఆకుల్లాగా నడిమి నుంచి బెరడు దాకా ఉన్నాయి. అదంతా పిండిపదార్థం. పచ్చిగా ఉన్న కొస నుంచి కోసిన చక్రం మాత్రం అయోడిన్ రంగులోనే ఉండిపోయింది. లేత ఆకులు అయిదారు విప్పుకుని సొంతంగా వండుకునేదాకా కొత్త రెమ్మ బతికేది ఈ నల్ల గీతల్లోని సరుకు మీదే. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీసేయాలో నాకు దీంతో తేలిపోయింది.

డిసెంబర్ 8

కత్తిరింపు అయింది.

నిన్న సాయంత్రం పాదులో నాలుగు బకెట్ల నీళ్లు పోశాను. పొద్దున కత్తెరను స్పిరిట్‌తో తుడిచి మొదలుపెట్టాను. పెన్సిలంత లావున్న తొమ్మిది కొమ్మలు ఉంచి, ఒక్కోదాన్ని ఆరు కళ్లకు కోశాను. మొత్తం 54 కళ్లు. కోత కన్నుకి అంగుళం పైన, కన్నుకి ఎదురు వైపు వాలుగా ఉండాలి. లేకపోతే కారే నీరు నేరుగా కన్ను మీద పడుతుంది.

తొమ్మిదింటినీ మూడు జట్లు చేశాను. మూడు కొమ్మలకు ఏమీ చేయలేదు. మూడింటిని పురికొసతో విల్లులా వంచి, నడుము పైకి, కొస కిందకి వచ్చేలా వైరుకి కట్టాను. మిగతా మూడింటికి వెల్లుల్లి.

వెల్లుల్లి సంగతి వింటే అమ్మ నవ్వింది, కానీ రెబ్బలు తనే ఒలిచి ఇచ్చింది. జపాన్ ద్రాక్ష రైతులు కత్తిరించిన చోట వెల్లుల్లి ముద్ద పూస్తారు. దాని మీద అక్కడి శాస్త్రవేత్తలు 1992లో పరిశోధన ప్రచురించారు. దాని ఘాటులో ఉన్న గంధకపు పదార్థాలు కన్నుని కదిలిస్తాయని తేలింది. మహారాష్ట్రలో పెద్ద తోటలవాళ్లు హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. అది కన్నులో కెటలేస్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగవుతుంది, ఆ తాకిడికి కన్ను ఉలిక్కిపడి లేస్తుంది. పురుగుమందుల షాపులో అడిగితే "అది పూశారంటే పది, పన్నెండు రోజుల్లో అన్నీ ఒక్కసారే పగులుతాయి మేడమ్" అన్నారు. నిజమే. కానీ అది చర్మాన్ని కాల్చే విషం. అది తగిలిన మనిషి ఆ రోజుల్లో మద్యం ముట్టుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. అమ్మ తిరిగే పెరట్లోకి, పిల్లలు ఆడుకునే పందిరి కిందకి దాన్ని తేను.

తీసేసిన కొమ్మల నుంచి పది ఒంటికన్ను ముచ్చెలు కోసి, వంటింటి కిటికీలో రెండు గాజు గ్లాసుల్లో నీళ్లలో నిలబెట్టాను. ముచ్చె అనేది చెరుకు రైతుల మాట, దీనికి సరిగ్గా సరిపోయింది. ఒక్కో ముక్కకి ఒక్కటే కన్ను, దాని పైన పెత్తనం చేసేవాళ్లెవరూ లేరు. మిగతా పుల్లలు కట్టగట్టి భోగికి దాచాను.

డిసెంబర్ 10

తీగ కారుతోంది. తొమ్మిది కోతల నుంచీ చుక్క చుక్కగా పడుతోంది. మామ్మగారు చూసి "కన్నీళ్లు పెట్టుకుంటోందమ్మా" అన్నారు. తెల్లారగట్ల పందిరి కింద నేలంతా తడిగా ఉంది. ఒక కోత కింద సీసా కట్టి చూశాను. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు వరకు 240 మిల్లీలీటర్లు. నాలుక మీద వేసుకుంటే అచ్చం నీళ్లే, చివర్న ఎక్కడో మట్టి వాసన.

ఈ నీరు పైనుంచి ఎవరూ లాగుతున్నది కాదు. ఆకులే లేవు కదా, లాగేదెవరు? వేరు తోస్తోంది. వేళ్లు లవణాలనీ, దాచుకున్న చక్కెరలనీ చెక్కలోని గొట్టాల్లోకి వదులుతాయి, వాటి వెంట నేలలోని నీరు లోపలికి వస్తుంది, ఆ ఒత్తిడి పైకి నెడుతుంది. చలిదేశాల్లో శీతాకాలం ఆ గొట్టాల్లో గాలి బుడగలు చేరతాయి. వసంతంలో నేల వెచ్చబడగానే వేరు నీటిని తోసి, ఆ బుడగలని బయటికి నెట్టేసి దారి శుభ్రం చేస్తుంది. కన్ను లేవడానికి ముందు తీగ చేసే మొదటి పని ఇదే.

స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండ్ మతగురువు ఇలాగే కారుతున్న తీగని చూసి, ఆపుదామని కోత మీద జంతువు మూత్రాశయపు పొర కట్టాడు. అది బుడగలా ఉబ్బింది. ఆ ఉబ్బు చూసి గాజు గొట్టాలు తెచ్చి కొలవడం మొదలుపెట్టాడు. నీరు 20 అడుగులకు పైగా ఎక్కింది. 1727లో ఆ లెక్కలన్నీ అచ్చువేశాడు. 300 ఏళ్ల కింద ఒక మనిషి నాలాగే పెరట్లో నిలబడి ఈ చుక్కలు చూశాడనుకుంటే ఒళ్లు పులకరించింది.

నా దగ్గర గాజు గొట్టాలు లేవు. మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు ఉంది. కాండం మొదట్లో, నేలకి అడుగు ఎత్తులో ఉన్న ఒక పిలక కోసేసి, మొండేనికి ఆ పైపు తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, పైపుని వెదురు కర్ర వెంట పైకి కట్టాను.

డిసెంబర్ 12

నిన్న పొద్దునకి పైపులో నీరు నేల నుంచి నాలుగడుగులు. ఈ పొద్దున దాదాపు ఏడు, పందిరి వైరుతో సమానంగా. ఆ తర్వాత రోజంతా చూశాను, అంతకు మించి ఎక్కలేదు. మొదట పైపు బిగింపు లీకేమో అనుకున్నాను. ఆలోచిస్తే తట్టింది: పందిరి మీద తొమ్మిది కోతలు తెరిచి ఉన్నాయి. నీరు ఆ ఎత్తుకి చేరగానే అక్కడి నుంచి కారిపోతోంది. ఇక పైపులో పైకి ఎందుకు వెళ్తుంది? హేల్స్ కొలిచింది ఒంటి మొండెం మీద, దానికి ఇంకో దారి లేదు. మేస్త్రీ లెవెల్ పైపుతో గోడకి మట్టం చూసినట్టు, నా తీగ నాకు పందిరి మట్టం చూపించింది.

కారడం తగ్గింది. కోతల మీద పల్చటి జిగురు పొర కట్టింది. కారితే నీరసపడుతుందని చాలామంది మైనం, పేడ పూస్తారు. అవసరం లేదు. అదే ఆగుతుంది.

డిసెంబర్ 15

పైకి ఏ మార్పూ లేదు. టెన్షన్ ఆపుకోలేక, దాచిన పుల్లల్లోంచి ఒక కన్ను తీసి అడ్డంగా కోశాను. పదింతలు చూపించే భూతద్దం కింద పెట్టాను.

పైన రెండు గోధుమరంగు పొలుసులు. వాటి లోపల తుప్పు రంగు దూది కుక్కినట్టు. దూది మధ్య ఆకుపచ్చటి చుక్క, దానికి అటూ ఇటూ ఇంకా చిన్నవి రెండు. ఒక్క కన్ను అని మనం అనేది నిజానికి మూడు. నడిమిది పెద్దన్న, ముందు లేచేది, కాపు ఎక్కువగా తెచ్చేది. పక్కవి రెండూ కాపలా. పెద్దది చలికో పురుగుకో పోతే అవి లేస్తాయి.

గుత్తి కూడా ఇప్పుడు పుట్టేది కాదు. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత ఒకటిన్నర, రెండు నెలల్లో, మే, జూన్ ఎండల్లో, అప్పటి రెమ్మ మొదట్లోని కన్నులో గుత్తి ఆనవాలు ఏర్పడిపోతుంది. ఆకుల మీద, కన్నుల మీద ఎండ బాగా పడితే అది గుత్తి అవుతుంది. నీడలో ఉండిపోతే అదే ఆనవాలు నులితీగగా మారిపోతుంది. మొదటి రెండేళ్లు పందిరి అంత దట్టంగా కమ్ముకుని లోపలి కళ్లకి వెలుతురే తగల్లేదు. గుత్తులు రాకపోవడం మీద నాకు ఇక సందేహం లేదు. ఎండ ఎక్కువై కాదు, కన్నుకి ఎండ చాలకే కాయలేదు. గుంటూరు ఎండ మీద పడ్డ నింద ఈ రోజు నా వరకు కొట్టేశాను.

డిసెంబర్ 19

ధనుర్మాసం. తెల్లవారుజామున అయిదింటికే గుడి మైకులో మేలుకొలుపులు. ఆ చలిలోనే లేచి థర్మామీటర్ చూస్తున్నాను. ఈ వారం కనిష్ఠం 17, గరిష్ఠం 29, 30.

లెక్క ఇలా వేస్తారు. ద్రాక్ష 10 డిగ్రీల దగ్గర పెరగడం మొదలుపెడుతుంది. రోజు సగటులోంచి 10 తీసేస్తే ఆ రోజు తీగకి దక్కిన వేడి. ఇక్కడ సగటు 24 అనుకుంటే రోజుకి 14. ఫ్రెస్నోలో మార్చి నడుమ సగటు 14 అనుకుంటే రోజుకి 4. అంటే మనకి ఒక్క రోజులో దక్కే వేడి అక్కడ మూడున్నర రోజులకి. వేడి కొరతే అయితే నా కన్నులు ఈ పాటికి అన్నీ పగిలి ఉండాలి.

వెల్లుల్లి పూసిన కొమ్మల్లో కొస కన్నులు ఉబ్బాయి. పొలుసుల మధ్య గోరు గీసినంత సందు. వంచిన కొమ్మల్లో నడుము మీది కన్నులు నున్నగా మెరుస్తున్నాయి. ఏమీ చేయనివి అలాగే ఉన్నాయి.

డిసెంబర్ 22

వెల్లుల్లి కొమ్మ ఒకదానికి కొస కన్ను విప్పుకుంది!

నిన్న రాత్రి తుప్పు రంగు దూది ఉండ. ఈ పొద్దున దూదిని చీల్చుకుని గులాబి అంచున్న ఆకుపచ్చ ముక్కు, బియ్యపు గింజంత. మంచు బొట్టు ఒకటి దాని మీద ఆగి ఉంది. అమ్మని పిలిచాను. అమ్మ కళ్లజోడు తెచ్చుకుని చూసి "పిచ్చుక పిల్ల నోరు తెరిచినట్టుందే" అంది. ఫొటో తీసి చెల్లికి పంపాను. వాళ్ల తీగ ఇప్పుడు ఎండుపుల్ల.

వంటింటి గ్లాసుల్లో ఇంకా మంచి కబురు. పది ముచ్చెల్లో ఏడు విప్పుకున్నాయి. నా ప్రశ్నకి జవాబు ఈ గ్లాసుల్లోనే దొరికింది. కొమ్మ మీద ఉంటే కదలని కన్నే, విడిగా కోసి నీళ్లలో పెడితే రెండు వారాల్లో లేచింది. దాని లోపల గట్టి తాళమే ఉంటే గ్లాసులో కూడా లేవకూడదు. కాబట్టి మన తీగ కన్నులకి పడేది ఎక్కువగా మొదటి రకం నిద్ర. పైవాడి పెత్తనం. కత్తెరతో పైవాడిని తీసేస్తే, తర్వాతి కొస కన్ను తనే పెద్దరికం అందుకుని కిందివాటిని మళ్లీ అణుస్తుంది. కొస చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందకి దిగుతూ ఆ పని చేస్తుంది.

కొమ్మని వంచితే ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే ఉంది. కొస కిందకి వాలిపోతే దాని పెత్తనం సడలుతుంది, నడుము మీది కన్నులు తలెత్తుతాయి.

డిసెంబర్ 27

మనసు బాగాలేదు.

మేడ మీద నీళ్ల ట్యాంకు కడగడానికి మనుషులు వచ్చారు. నేను కాలేజీలో ఉన్నాను. నిచ్చెనని పందిరికి ఆనించారు. వచ్చి చూసేసరికి వెల్లుల్లి కొమ్మ మీద మొట్టమొదట లేచిన చిగురు, దాని పక్కది, రెండూ మొదలంటా విరిగి కింద ఉన్నాయి. ఒకదానికి మూడు ఆకులు విప్పుకుని, మధ్యలో గసగసాల ముద్దలాంటి చిన్న గుత్తి అప్పుడే కనబడుతోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పాపం వాళ్లకేం తెలుసు, చెప్పి వెళ్లాల్సింది నేను.

అమ్మ "మళ్లీ వస్తుందిలే" అంది. వస్తుందని పుస్తకంలో చదివాను కాబట్టి నేనూ అవునన్నాను.

ఇంతవరకు లెక్క: ఏమీ చేయని కొమ్మల్లో 18 కన్నులకి 5 లేచాయి. వెల్లుల్లికి 9. వంచిన వాటికి 10.

జనవరి 6

విరిగిన చోట, అదే కన్నులోంచి, పాత మచ్చకి ఎడమ పక్కన కొత్త ముక్కు!

డిసెంబర్ 15న భూతద్దంలో చూసిన కాపలా కన్ను ఇదే. పెద్దన్న పోగానే పది రోజుల్లో లేచింది. రెండోది విరిగిన చోట కూడా ఉబ్బింది. చలిదేశాల్లో చిగురు వేశాక హఠాత్తుగా మంచు కురిసి మొదటి చిగుళ్లన్నీ మాడిపోయిన ఏడు, తోటని నిలబెట్టేది ఈ రెండో వరసే. కాపు మాత్రం పెద్దన్నంత ఇవ్వదు.

విప్పుకోవాల్సినవి విప్పుకున్నాయి, మిగతావి ఇక ఈ ఏడు లేవవు. ఏమీ చేయనివి 18లో 7. వెల్లుల్లి 18లో 10. వంచినవి 18లో 12. మొత్తం 54లో 29. జట్టుకి మూడు కొమ్మలతో వెల్లుల్లి గొప్పదని నేను చెప్పను. కొస కన్ను మూడు రోజులు ముందు లేచింది, అంతవరకు చూశాను. వంచడం మీద మాత్రం గట్టి నమ్మకం కుదిరింది. ఖర్చల్లా గజం పురికొస. వచ్చే ఏడు అన్ని కొమ్మలూ వంచుతాను.

భోగి

దాచిన ద్రాక్ష పుల్లలు భోగి మంటలో వేశాం. నెల రోజుల్లో బాగా ఎండాయి, చిటపటలాడుతూ మండాయి. చల్లారాక ఆ బూడిద దోసెడు తెచ్చి పాదులో చల్లాను. వీధిలో పిల్లలకి భోగిపళ్లు పోస్తుంటే రేగిపళ్లు రెండు పందిరి కిందకి దొర్లాయి.

రెమ్మలు జానెడు దాటాయి. మూడో, నాలుగో కణుపు దగ్గర ఆకుకి ఎదురుగా గుత్తులు స్పష్టంగా ఉన్నాయి. 29 రెమ్మల మీద 34 గుత్తులు లెక్కపెట్టాను. మూడేళ్లలో మొదటిసారి.

జనవరి 27

పూత. ద్రాక్ష పువ్వు విప్పుకోదు, టోపీ తీస్తుంది. అయిదు రెక్కలు పైన అంటుకుని ఆకుపచ్చ టోపీలా ఉంటాయి, మొదట్లో తెగి మొత్తంగా రాలిపోతాయి. కింద తెల్లకాగితం పరిచి గంట ఆగితే నువ్వుగింజల కన్నా చిన్న టోపీలు ఇరవై ముప్ఫై పడ్డాయి. దగ్గరికి వెళ్తే లేత తియ్యటి వాసన. పది రోజుల్లో యార్డుకి కొత్త మిర్చి జోరుగా వస్తుంది, అటు నుంచి గాలి తిరిగితే ఇక ఈ వాసన తెలియదు. అందుకే ఇవాళ రెండు పూటలా పందిరి కిందే కూర్చున్నాను.

పైనుంచి తడపడం మానేశాను. పాదుకే నీళ్లు. ఆకుల మీద బూడిద తెగులు మచ్చ ఒకటి కనబడితే ఆ ఆకు తీసి పారేశాను.

మార్చి 16

చాలా రోజులు రాయలేదు. ప్రాక్టికల్స్, పేపర్లు దిద్దడం. తీగ తన పని తను చేసుకుపోయింది. 34 గుత్తుల్లో 22 నిలిచాయి. కాపలా కన్ను నుంచి వచ్చిన రెండు రెమ్మల్లో ఒకదానికి అమ్మ పిడికిలంత గుత్తి ఉంది, రెండోదానికి లేదు. గుత్తుల్లో అక్కడక్కడ ఒక్కో కాయ నీలం తిరుగుతోంది.

చెల్లి వీడియో కాల్ చేసింది. వారం నుంచి వాళ్ల తీగ కోతల దగ్గర చుక్కలు కారుతున్నాయట. "అక్కా, ఏడుస్తోంది" అంది. మామ్మగారి మాటే! ఫోన్‌ని కన్ను దగ్గరగా పెట్టమన్నాను. పొలుసులు విడివడి తుప్పు రంగు దూది బయటికి వచ్చింది. శీతాకాలమంతా మొక్కలోని ఆహారపు గొట్టాలకి కేలోజ్ అనే పదార్థం బిరడాలా అడ్డం పడి ఉంటుంది. ఇప్పుడు అది కరిగి దారి తెరుచుకుంటూ ఉంటుంది. నవంబర్ నుంచి పడ్డ చలంతా ఈ కన్నుల్లో జమ అయి ఉంది.

"ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది.

"ఎండ ఇలాగే ఉంటే నాలుగైదు రోజులు. రోజూ ఒకే కొమ్మ ఫొటో తీసి పంపు. ఎన్ని కన్నులు లేచాయో లెక్కపెట్టు" అన్నాను.

మార్చి 22

నాలుగు రోజుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రోజు దూది ఉండలు. రెండో రోజు కొస కన్ను, దాని కిందది. మూడో రోజు ఆరు. నాలుగో రోజుకి, పన్నెండు కన్నుల కొమ్మ మీద పదకొండు, కొస నుంచి మొదలు దాకా ఒకే ఎత్తు చిగుళ్లు, దువ్వెన పళ్లలాగా. ఎవరూ వంచలేదు, ఏమీ పూయలేదు.

డైరీలో ఆ పదకొండు పక్కన నా 54లో 29 రాసుకున్నాను. ఏప్రిల్ మూడో వారానికి కాయలు కోసేసి, పందిరి పల్చగా ఉండేలా మొదటి కత్తిరింపు చేయాలి. ఈసారి ప్రతి కన్నుకీ ఎండ తగలాలి. కత్తెర సానకి ఇవ్వాలి, పురికొస ఉండ ఒకటి తెచ్చుకోవాలి.